తల లేని వట్టివేళ్ళు

వాన మొదలైతే చాలు, ఒబియాగెలి చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయేది. చెయ్యి కంచంలో ఉన్నా అంతే, ఫోను చెవిన ఉన్నా అంతే. సింగపూరులో, ఈ బెడోక్ పేటలో, మధ్యాహ్నపు వానలు చెప్పి రావు. పైనెవరో గంగాళం బోర్లించినట్టు ధబాలున పడి, మనం ఆరేసిన బట్టలు తీసేలోపు ఆగిపోతాయి. ఆ కాసేపూ ఆవిడ ఆకాశం వంక చూసేది కాదు. కిందికి, బ్లాకు చుట్టూ తిరిగే సిమెంటు కాలువ వైపు చూసేది.

"ఏందే ఒబీ, ఏం జూస్తున్నవ్ ఆడ? నీల్లే గద!" అని నవ్వేది ఆ ఫ్లాటు ఇల్లాలు కమరున్నీసా.

"ఎటు పోతున్నాయో చూస్తున్నాను సిస్టర్."

"ఏడికి బోతయ్? సముద్రంలకు బోతయ్."

"మధ్యలో ఎవరి ఇల్లూ లేదు కదా?"

తమాషాకి అంటోందనుకుంది కమరున్నీసా. తమాషా కాదని తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది.

ఇద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషే. అయితే కమరున్నీసా ఇంగ్లీషు జనగామ యాసలో నడిచేది. ఒబియాగెలిది ఆవిడ పుట్టిన ఇగ్బో దేశపు తాళంలో ఊగేది. అరీబా, కమరున్నీసా పదేళ్ళ కూతురు, ఇద్దరినీ వెక్కిరించేది. దాని ఇంగ్లీషు సింగపూరుది. ముగ్గురూ ఒక భాషే మాట్లాడుతున్నారని బయటివాళ్ళకి చెబితే నమ్మేవారు కాదు.

కమరున్నీసా పుట్టింది వట్టివేళ్ళ ఇంట్లో. వాళ్ళ అబ్బాజాన్‌ని జనగామలో అందరూ తడికెల సాబు అనేవారు. ఇప్పటి పిల్లలకి చెప్పాలి కాబట్టి చెప్పడం: కూలర్లూ ఏసీలూ రాకముందు, మండుటెండల్లో కచేరీలకీ కోర్టులకీ డాక్టర్ల ఇళ్ళకీ గుమ్మాల్లో వట్టివేళ్ళ తడికలు కట్టేవారు. ఒక మనిషి బొక్కెనతో కూర్చుని వాటి మీద నీళ్ళు చిలకరిస్తూ ఉండేవాడు. వడగాలి తడికలోంచి దూరి లోపలికి వచ్చేసరికి చల్లబడి, మట్టివాసనా గంధంవాసనా కలిసిన ఒక వాసన వేసుకుని వచ్చేది. శిక్ష పడినవాడు కూడా ఆ గదిలోంచి కాస్త తేరుకుని బయటికి వచ్చేవాడని అబ్బాజాన్ చెప్పేవాడు. వేళ్ళు ఎక్కడి నుంచో లారీలో మోపులుగా దిగేవి. పిల్లలంతా కూర్చుని దుమ్ము దులిపి, చిక్కు తీసి, వెదురు చట్రాల్లోకి అల్లేవారు. పెళ్ళయ్యేదాకా కమరున్నీసా వేళ్ళని ఆ వాసన వదల్లేదు.

తరవాత కూలర్లు వచ్చాయి, ఆ తరవాత ఏసీలు. తడికెల సాబు తన ఇంటి గుమ్మానికి మాత్రం చివరి వేసవి దాకా తడిక కట్టుకున్నాడు. "మిషన్ గాలి ఒంటికి తగుల్తది బిడ్డా, ఈ గాలి లోపలికి బోతది," అనేవాడు.

లియాఖత్‌తో పెళ్ళయ్యేనాటికి కంప్యూటర్ నేర్చిన ప్రతివాడికీ రెక్కలు మొలుస్తున్నాయి. రెండువేల సంవత్సరం రాగానే యంత్రాలన్నిటికీ మతి తప్పుతుందని లోకం భయపడింది. ఆ భయం మీద మన జిల్లాల్లో ఎన్ని పొయ్యిలు వెలిగాయో లెక్కలేదు. ఆ భయం పుణ్యాన లియాఖత్ సింగపూరులో ఒక బ్యాంకు ప్రోగ్రాముల్లో పడ్డాడు. సంవత్సరం మారింది, ఏ యంత్రానికీ మతి తప్పలేదు, ఉద్యోగం మాత్రం ఉండిపోయింది. బెడోక్‌లో పాత ఫ్లాటు కొనుక్కున్నారు. కమరున్నీసా కుట్టుమిషన్ పెట్టుకుంది. కొత్తగా దిగిన తెలుగు కుర్రాళ్ళ ఫ్లాట్లకి కర్టెన్లు కుట్టేది. గుమ్మానికేదో ఒకటి వేలాడదీయడం ఆవిడ రక్తంలోనే ఉంది మరి. పొద్దున హాకర్ సెంటర్లో కాఫీ, శుక్రవారం బిర్యానీ, కింద చెట్ల నీడన, అందరూ మక్చిక్, అంటే పిన్ని, అని పిలిచే మలయ్ ముసలావిడ రొహానాతో లోకాభిరామాయణం. బాగానే గడిచేది. నిజానికి చాలా బాగా గడిచేది, దిష్టి తగులుతుందని పైకి అనేది కాదు.

ఒబియాగెలి దొరికింది కూడా కర్టెన్ల పుణ్యమే. పాయా లేబర్‌లో ఒక కంపెనీ ఉండేది. ఆఫీసులు విసిరేసిన పాత కంప్యూటర్లని బాగుచేసి ఓడలకెక్కించేది. రెండేళ్ళకొకసారి కొత్త యంత్రం కావాలని ఊరంతా ఉరకలేస్తున్న రోజులు, పాతవాటికి కొదవేముంది? అవి లేగోసులో దిగితే అక్కడ ఒబియాగెలి భర్త కొట్లో మళ్ళీ కొత్త బతుకు మొదలుపెట్టేవి. ఏవి పంపాలో ఏవి వద్దో చూసుకునేందుకు ఆవిడ ఇక్కడ ఉండేది. కర్టెన్ల కొలతకి వెళ్ళిన కమరున్నీసాని గది అద్దెకి దొరుకుతుందా అని అడిగింది.

లియాఖత్ నసిగాడు. "ఎవరో, ఏమో. మనం జర ఆలోచించాలె గద బేగం."

"నేను కొలత దీసుకునొచ్చిన," అంది కమరున్నీసా. "మనిషిది. మీరు పరేషాన్ కాకుండ్రి."

మొదటిరోజు ఒబియాగెలి మిరియాల చారులాంటిదొకటి కాచింది. అది తాగి లియాఖత్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కమరున్నీసా రెండో గిన్నె అడిగింది. ఇంత కారం తినే జనం పరాయివాళ్ళెట్లా అవుతారని ఆవిడ వాదన. పేరుకి అర్థమేమిటని అడిగితే, "సుఖంగా తినడానికి వచ్చిన పిల్ల అని," అంది ఒబియాగెలి.

"మంచిగ బెట్టిండ్రు. నాకు తినుమని బతిమాలే పని దప్పింది," అని కమరున్నీసా ఇంకో రొట్టె వేసింది.

ఆ రొట్టెల పీట దగ్గరే, సాయంత్రాలు, ఉమునేబో అనే ఊరు కొంచెం కొంచెంగా బెడోక్ ఫ్లాటులోకి వచ్చి కూర్చుంది. ఎర్రమట్టి ఊరు. పెరట్లో పెండలం తీగలు, పొలంలో కర్రపెండలం, దారికిరుపక్కలా నూనె తాటిచెట్లు. కాయలు ఉడకబెట్టి, తొక్కి, ఎర్రటి నూనె తీయడం ఆడవాళ్ళ పని. ఆ నూనె కాగితే ఊరంతా ఆకలేస్తుందట. కర్రపెండలాన్ని వాగులో నానబెట్టి, తురిమి, వేయించి సంతకి మోసేవారు. మగపిల్లలు బుద్ధి తెలియగానే ఎవరో ఒక వర్తకుడి దగ్గర పని నేర్చుకోవడానికి పోతారు. కొన్నేళ్ళు చేశాక ఆ యజమానే వాళ్ళచేత కొట్టు పెట్టించాలి, అదీ ధర్మం. ఒబియాగెలి భర్త అట్లా పైకొచ్చినవాడే. ఏటా ఆగస్టులో ఆ ఊరి ఆడవాళ్ళు ఏ దేశాన ఉన్నా ఊరు చేరతారు. ఒకే రంగు బట్ట కట్టుకుని సమావేశం పెట్టుకుంటారు. బడికి కప్పు వేయించాలా, బావి తవ్వించాలా, ఎవరి మొగుడు తాగి అల్లరి చేస్తున్నాడు, అన్నీ అక్కడే తేలతాయి. రానివాళ్ళు పంచాయతీకి జవాబు చెప్పుకోవాలి.

"అబ్బ! మా దగ్గరుంటేనా," అని లియాఖత్ వంక చూసింది కమరున్నీసా.

"నేను తాగను గద!" అన్నాడాయన పేపరు చాటునుంచి.

ఆ ఊరిని వాన తినేస్తోంది. ఈ సంగతి ఒబియాగెలి చివరికి చెప్పింది, పిండి పిసుకుతూ, తల ఎత్తకుండా. తన చిన్నప్పుడు వానలు మెల్లగా వచ్చి, మర్యాదగా ఉండి వెళ్ళేవి. ఇప్పుడు నెలల తరబడి ముఖం చాటేసి, ఒక్కరోజున అంతా కురిసిపోతున్నాయి. పూర్వం తాటాకు, గడ్డి కప్పుల మీద పడిన వాన ఆగి ఆగి దిగేది. ఇప్పుడన్నీ రేకుల కప్పులు. పైన కొత్తగా తారురోడ్డు వేశారు, పక్కన కాలువ మాత్రం తవ్వలేదు. ఆ నీళ్ళన్నీ ఒక్కటై ఉమునేబో మీదికి ఉరుకుతాయి. నేలా గట్టిది కాదు, తడిస్తే బెల్లంపొడే. మొదట అడుగు వెడల్పు గాడి పడింది. పిల్లలు దాన్ని దూకి ఆడుకున్నారు. తరవాత అందులో మేక పడింది. తరవాత సంతకి పోయే దారి పడింది, తాటితోట పడింది. ఇప్పుడు అవతలి గట్టున మనిషి చెయ్యి ఊపితే ఇవతలివాళ్ళకి ఆనవాలు పట్టడం కష్టం. ఆ గండి ఒబియాగెలి పుట్టింటి వంటపాక దాకా వచ్చి ఉంది.

"మరి అమ్మను తెచ్చుకోరాదె? నీ అత్తగారిల్లు గూడ ఆ ఊర్లనే అంటివి?"

"రాదు. మా నాన్న సమాధి వాకిట్లో ఉంది. మా దగ్గర మనుషుల్ని ఇంటి ఆవరణలోనే పెడతాం సిస్టర్. బతికున్నన్నాళ్ళూ వాన చప్పుడుకి ఆయనకి నిద్ర పట్టేది కాదట. వానలో ఆయన్ని ఒంటరిగా వదిలి ఎట్లా వస్తానంటుంది."

కమరున్నీసా పెనం మీద రొట్టె మాడింది. వాన పడినప్పుడల్లా ఆ కిటికీ ఎందుకో అప్పుడర్థమైంది.

ఊరికే ఉండే మనిషి కాదు కదా. లియాఖత్ ఆఫీసులో ఎవరో అన్నారట, కొండవాలు రోడ్ల పక్కన మట్టి జారకుండా ఇప్పుడు దేశదేశాల్లో వట్టివేరు గడ్డి నాటుతున్నారని. ఆయన ఆ మాట అన్నం తింటూ యథాలాపంగా అన్నాడు. కమరున్నీసా లేచి నిలబడింది.

"వట్టివేరా? మా వట్టివేరా? ఒబీ, ఇగ నువ్వు ఫికర్ జెయ్యకు. అది మా ఇంటి సరుకు! నాకంటె ఎక్కువ ఎవరికెర్క?"

మర్నాడే సెరంగూన్ రోడ్డుకి పోయి, పూజ సామాన్ల కొట్లో ఉన్న వట్టివేళ్ళ కట్టలన్నీ తెచ్చేసింది. మోపు విప్పి, దుమ్ము దులిపి, చిక్కు తీసి, తండ్రి కట్టినట్టే కట్టింది. ఫ్లాటంతా జనగామ వేసవి అయిపోయింది. వాటిని ఆగస్టులో ఊరికి వెళ్ళే ఒబియాగెలి పెట్టెలో సర్దింది.

"అమ్మీ, అది డెడ్, లా," అంది అరీబా, సింగపూరు పిల్లల తీరున చివర 'లా' తగిలించి.

"నీకేం దెల్సు? సప్పుడు జెయ్యకు. నీల్లు తాకితె ఎట్ల లేస్తదో ఆ వాసన జూడు!"

ఇక్కడొక సంగతి ఆలోచించాలి. తడికెల సాబు ఇంట్లో మూడు తరాల మనుషులు వట్టివేళ్ళని ముట్టుకోని రోజు లేదు. అయినా ఆ ఇంట్లో ఎవరూ వట్టివేరు మొక్కని చూసి ఎరగరు. వేళ్ళు వచ్చేవి మోపులుగా, తలలు నరికి. పైన ఏముండేదో ఎవరికీ అవసరం పడలేదు. తోళ్ళ వ్యాపారి ఆవుని ఎరిగినంతే. అల్లం పాతితే మొలుస్తుంది, పసుపు మొలుస్తుంది, వట్టివేరెందుకు మొలవదు?

ఉమునేబో ఆడవాళ్ళు ఆ వేళ్ళని శ్రద్ధగా నాటారు. సమావేశంలో ప్రార్థన చేసి, పాట పాడి, ఒకే రంగు బట్టలతో గట్టువెంట వరస కట్టి నాటారు. ఒబియాగెలి తిరిగొచ్చింది. అక్టోబరులో ఫోను వచ్చింది.

వేళ్ళు మొలవలేదు. వంటపాక గండిలోకి పోయింది. ఆ సమయానికి అమ్మ వాకిట్లో ఉంది కనక బతికింది. గట్టు ఇప్పుడు సమాధికి పెద్దడుగు దూరంలో ఉంది.

"అమ్మ ఏమంది?" అని అడిగింది కమరున్నీసా.

ఒబియాగెలి చెప్పనంది. బలవంతం మీద చెప్పింది. "నీ చెల్లెలు మాకు చచ్చినవాళ్ళ జుట్టు పంపిందా, అంది."

తిడితే బాగుండేది. ఒబియాగెలి తిట్టలేదు. అంతకుముందులాగే రొట్టెల పీట దగ్గర కూర్చునేది, అంతకుముందులాగే సిస్టర్ అనేది. అదే కమరున్నీసాకి మింగుడుపడలేదు. నాకంటె ఎక్కువ ఎవరికెర్క అన్న మాట తన గొంతుతోనే తనకి వినబడుతుండేది. తండ్రి పేరు అంతదూరం తీసుకెళ్ళి గండిలో పడేసినట్టుంది. వచ్చే వానాకాలంలోగా ఏదైనా చెయ్యకపోతే సమాధీ పోతుంది, దాన్ని వదలని ముసలమ్మా పోతుంది.

డిసెంబరులో ఇక్కడి వానలు ఊపందుకున్నాయి. ఒక మధ్యాహ్నం కర్టెన్ల మూటతో తడుస్తూ వచ్చి లిఫ్టు ఎక్కింది కమరున్నీసా. లోపల మక్చిక్ రొహానా ఉంది. పెళ్ళికి వెళుతూ పై అంతస్తులో కూతుర్ని తీసుకెళ్ళడానికి పోతోంది, బీరువాలోంచి తీసిన పట్టుబట్టల్లో. లిఫ్టు తలుపు మూసుకుంది. కమరున్నీసా ముక్కుకి ఎప్పటిదో వాసన తగిలింది. ఇనప పెట్టెలాంటి ఆ లిఫ్టులో అబ్బాజాన్ వచ్చి నిలబడ్డట్టయింది.

"మక్చిక్, ఈ వాసన ఏడిది?"

"ఇదా? అకార్ వాంగి," అంది మక్చిక్, చేతి గుడ్డ ఆవిడ ముక్కుకి పెట్టి. మలయ్‌లో మంచి వాసన వేరు అని. "బట్టల్లో పెడతాం. పురుగు రాదు."

"ఏ దుకాన్ల కొన్నరు?"

"దుకాణమా! కింద ఉంది కదా. నా నిమ్మగడ్డి పక్కన."

కమరున్నీసాకి నిమ్మగడ్డి బాగా ఎరుకే. ఓసారి మక్చిక్ ఇంట్లో లేనప్పుడు ఆ మడిలోంచి ఓ పిడికెడు గడ్డి కోసుకొచ్చి చాయ్ కాచింది. లియాఖత్ ఒక్క గుక్క తాగి, "అరె బేగం, ఇది చాయ్ కాదు, కుడితి. నాకేమన్న కొమ్ములున్నయా?" అన్నాడు. మక్చిక్ నిమ్మగడ్డికి వాసనే లేదని ఆవిడ అప్పటినుంచీ బ్లాకంతా చెబుతోంది.

లిఫ్టుని అట్నుంచటే కిందికి దింపింది. వానలోనే. మడిలో రెండు దుబ్బులు పక్కపక్కనే ఉన్నాయి, ఇంచుమించు కవలలు. మక్చిక్ గొడుగు పట్టుకుని చూపించినదాన్ని రెండు చేతులా పట్టి లాగింది. రాలేదు. కాళ్ళు తన్నిపెట్టి లాగింది. నేల వదల్లేదు. చివరికి మక్చిక్ పార తెచ్చి, పట్టుబట్టలతోనే ఒక పక్క తవ్వింది. మట్టి కడిగితే బయటపడ్డాయి: సన్నని, తెల్లని, మెత్తని వేళ్ళు, పైన ఆకుపచ్చటి తలతో. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కమరున్నీసా వట్టివేరు ముఖం చూసింది. రోజూ దాని పక్కనుంచే మార్కెట్‌కి పోతోంది.

"వేరు పాతితే రాదు కమర్," అంది మక్చిక్. "తల ఉండాలి. దుబ్బుని పిలకలుగా చీల్చి, ఆకు పొట్టిగా కోసి, దగ్గరదగ్గరగా పెట్టాలి."

ఒబియాగెలి పని నుంచి వచ్చేసరికి, మట్టికొట్టుకుపోయిన కమరున్నీసా బ్లాకు కింద దుబ్బు పట్టుకుని నిలబడి ఉంది.

"ఒబీ, నేను గాడిదను. నేను పంపింది మొండెం గూడ గాదు, కాల్లు. ఇది జూడు. దీన్ని ఎట్లనన్న మీ ఊరికి పంపుదం. ఏం పర్మిషన్లు గావాల్నో ఆయన జూస్తడు."

ఒబియాగెలి వంగి ఆకు పట్టుకుంది. వేళ్ళు నలిపి చూసింది. కుంగి కూర్చుంది. ఆవిడ భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని కమరున్నీసా భయపడింది. ఏడుపు కాదు. నవ్వి నవ్వి తడినేల మీదే కూలబడింది.

"సిస్టర్! ఇది మా వాగు గట్టున ఉంది! కర్రపెండలం నానబెట్టేచోట! చిన్నప్పుడు దీని వెనకే దాక్కునేవాళ్ళం, ఆకు తగిలి చేతులు కోసుకుపోయేవి!"

"అదేనా? మంచిగ జూడు."

"ఇది కాకపోతే దీని తోడబుట్టింది. మా తాతల నాటి ఇళ్ళ మీద ఈ గడ్డే కప్పేవాళ్ళు. రేకులు వచ్చాక ఎవరూ కొయ్యడం లేదు."

అక్కడ రేకు వచ్చి గడ్డిని మరిపించింది, ఇక్కడ మిషన్ గాలి వచ్చి తడికని మరిపించింది. ఒకరికి తల తెలుసు, ఒకరికి వేరు తెలుసు. ఆ రెండూ ఒక ఒంటివేనని తెలుసుకోవడానికి ఇద్దరూ సముద్రాలు దాటి బెడోక్‌లో ఒక మలయ్ ముసలమ్మ మడి దగ్గర తడవవలసి వచ్చింది.

ఆ సాయంత్రం కాలింగ్ కార్డు గీకి అమ్మకి ఫోను చేశారు. ఇగ్బోలో చాలాసేపు వాదన నడిచింది. అమ్మ మొదట నమ్మలేదు. మళ్ళీ ఆ జుట్టు పంపిన పిల్లేనా చెప్పేది అందట. వాగు గట్టుకి పోయి ఒక దుబ్బు లాగి చూడమంది ఒబియాగెలి. నాలుగోనాడు అమ్మే పక్కింటి ఫోను నుంచి చేసింది: ఇద్దరు మగవాళ్ళు లాగినా రాలేదట.

ఆవిడ ఆగస్టు సమావేశం దాకా ఆగలేదు. తొలివానలకే ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళని పోగేసింది. పిలకలు చీల్చి, వాలుకి అడ్డంగా వరస మీద వరస నాటించింది. గడ్డితోనే అయిపోలేదు. రోడ్డు నీళ్ళు పక్కకి పోయేందుకు కాలువ తవ్వకపోతే ఏ పండగకీ వంట ఉండదని మగవాళ్ళకి చెప్పారు. కాలువ తవ్వారు. ప్రతి ఇంటి రేకు చూరు కిందా నీళ్ళు పట్టే గుంత తవ్వించారు. ఆగస్టులో ఒబియాగెలి వెళ్ళి చూసొచ్చింది. నడుమెత్తు గడ్డి గట్టువెంట మంద కట్టి నిలబడి ఉంది.

"ఆగిందా మరి?" అని గుమ్మంలోనే అడిగింది కమరున్నీసా.

"అసలు వానలు సెప్టెంబరులో వస్తాయి. అప్పుడు తెలుస్తుంది."

సెప్టెంబరంతా కమరున్నీసా కుట్టిన కర్టెన్లు వంకర పోయాయి. అక్టోబరు కూడా గడిచింది, గట్టు విరిగిందన్న ఫోను రాలేదు.

నవంబరులో ఉమునేబో నుంచి వచ్చినవాళ్ళెవరో ఒక పొట్లం తెచ్చి ఇచ్చారు. అందులో అమ్మ ఎండబెట్టిన పనసలాంటి ఏవో గింజలు, ఒక చిన్న వేళ్ళ కట్ట. గట్టువి కావట, వాగు పక్కన ఎదిగినవట. వీటితో మీ దగ్గర ఏం చేస్తారో ఆ జుట్టు పిల్లనడుగు, అని కబురు. కమరున్నీసా వాటిని కడిగి మంచినీళ్ళ కూజాలో వేసింది. లియాఖత్ తాగి, "వాహ్!" అన్నాడు. చాయ్ సంగతి గుర్తుచేయబోయి, ఆవిడ చూపు చూసి ఇంకో గ్లాసు నింపుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే వాన వచ్చింది. ఎప్పటిలాగే చెప్పకుండా, గంగాళం బోర్లించినట్టు. కమరున్నీసా ఉలిక్కిపడి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. కింద కాలువ ఎర్రగా నురగలు కక్కుతూ పోతోంది. మక్చిక్ మడిలో రెండు దుబ్బులూ వానకి తలలు వంచి నిలబడ్డాయి. వెనక్కి తిరిగితే, ఒబియాగెలి బల్ల దగ్గరే ఉంది.

"ఒబీ! వాన!"

"వినపడుతోంది సిస్టర్," అని ఒబియాగెలి ఇంకో రొట్టె తుంచుకుంది. "పొద్దున అమ్మతో మాట్లాడాను. నిన్న అక్కడా పెద్ద వానట. చివరి వాన."

"మరి?"

"అమ్మకి నిద్ర పట్టేసిందట, ఏమీ తెలియలేదంది. ఆ కారం ఇటు జరుపు."